ఏడో షీటు

జూన్ 2, సోమవారం

ఇది ఫీల్డు పుస్తకం. రోడ్డు మీద కొలతలు రాసుకోవడానికి ఆఫీసువాళ్ళు ఇచ్చేది. ఇప్పుడు అందరూ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారు కాబట్టి స్టోరులో మిగిలిన ఖాళీవి బయట పడేస్తుంటే ఒకటి తెచ్చుకున్నాను. దీనికొక పద్ధతి ఉంది. పెన్సిలుతోనే రాయాలి, రబ్బరు ముట్టకూడదు. తప్పు పడితే ఒక్క గీత కొట్టి పక్కన ఒప్పు రాయాలి. కొట్టేసింది కూడా చదవడానికి వీలుగా ఉండాలి. ఇరవై రెండేళ్ళుగా ఇలాగే రాస్తున్నదాన్ని, సొంత సంగతులకి కొత్త పద్ధతి ఎక్కడ నేర్చుకోను. మధ్యాహ్నం డబ్బా విప్పే అరగంటలో రాస్తాను. ఎవరైనా చూసినా కొలతలు అనుకుంటారు.

ఇవాళ కొత్తమ్మాయి చేరింది. ముప్ఫై కూడా ఉండవు. చేరిన పూటే పెద్దసారు అందరినీ తన గదిలోకి పిలిచి చెప్పాడు. బస్టాండు నుంచి ఏటి వంతెన దాకా పెద్దరోడ్డు పక్కన ఆరు కిలోమీటర్ల బాట వేస్తారట. నడిచేవాళ్ళకి, సైకిళ్ళకి, పిల్లల్ని తోసుకెళ్ళే బళ్ళకి. రోడ్డుకీ బాటకీ మధ్య చెట్ల వరస. ఆ పని కొత్తమ్మాయిదట. "పాత ఫైలు ఒకటి దొరికిందమ్మా, దాని మీద మొదలుపెట్టు" అన్నాడు ఆమెతో.

దొరికిందట, తవ్వకాల్లో బయటపడ్డట్టు. అది నా ఫైలు. పదకొండేళ్ళ క్రితం వానలో తడుస్తూ ఆ ఆరు కిలోమీటర్లూ కొలిచి, పన్నెండు షీట్లు గీసి ఇస్తే "చూద్దాం" అన్నారు. మా ఆఫీసులో చూద్దాం అంటే బీరువా అని అర్థం. ఆ బీరువా పక్కనే నా కుర్చీ. ఇన్నేళ్ళూ దానికి కాపలా కాసింది నేను, ఇప్పుడు దాని పేరు దొరికిన ఫైలు.

నాకు అసూయేం లేదు. పని జరిగితే అదే చాలు.

జూన్ 5, గురువారం

అసూయ అనే మాట రాయకుండా ఉండాల్సింది. ఇప్పుడు కొట్టేసినా కనబడుతుంది.

కొత్తమ్మాయికి కిటికీ పక్క సీటు ఇచ్చారు. ఆ సీటు ఖాళీ అయినప్పుడు నేను అడిగాను. కిటికీ వెలుతురు పడితే కంప్యూటర్ తెర కనబడదు, అక్కడ ఎవరినీ కూర్చోబెట్టం అన్నారు. మరి కొత్తమ్మాయికి ఎలా కనబడుతోందో. కర్టెన్ వేయించారు, అలా కనబడుతోంది.

మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చింది. "మేడం, మీ షీట్లు చూశాను. ఎంత నీటుగా ఉన్నాయో. వీటి మీదే నా బాట గీసుకోవచ్చా?" అంది.

"గీసుకో, దానికేం" అన్నాను. నవ్వాను కూడా.

జూన్ 6, శుక్రవారం

"నా బాట" అంది. రెండుసార్లు.

జూన్ 10, మంగళవారం

ఈయన నడిపే బస్సు ఆ రోడ్డు మీదే తిరుగుతుంది. నిన్న సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికి వచ్చి, చొక్కా కూడా మార్చకుండా మొదలుపెట్టారు. మీ ఆఫీసు అమ్మాయి నా బస్సులో మూడు ట్రిప్పులు తిరిగింది, డ్రైవరు సీటు పక్కనే నిలబడి అన్నీ అడిగింది, అని.

"ఏమడిగింది?"

"స్టాపు లేని చోట జనం ఎక్కడ దిగుతామంటారు, దిగి ఎటు నడుస్తారు అని. పాల కేంద్రం దగ్గర స్టాపు లేదమ్మా, అయినా రోజుకి పాతికమంది ఆపమంటారు, అక్కణ్ణించి రోడ్డంచు పట్టుకుని నడుస్తారు అని చెప్పా. రాసుకుంది. ఇరవయ్యేళ్ళు బస్సు నడిపా, నన్నిలా అడిగిన మనిషి లేదు."

"నేనెప్పుడూ అడగలేదా?"

"నువ్వు అడుగుతావు, బస్సు ఎందుకు లేటయిందని."

అన్నయ్యా అని పిలుస్తోందట. బస్సెక్కినవాళ్ళందరూ అన్నయ్యా అనే అంటారు కదండీ అన్నాను. "అదీ నిజమే. కానీ ఈ పిల్ల అంటే నిజంగా చెల్లెలు పిలిచినట్టు ఉంది" అన్నారు. ఈయన అన్నయ్య అయితే నేను వదినని కావాలి కదా. నేను మాత్రం మేడం.

జూన్ 13, శుక్రవారం

ఇప్పుడు అత్తయ్య కూడా.

అత్తయ్య మంగళవారం, శుక్రవారం వాళ్ళ చెల్లెలి ఇంటికి నడిచి వెళ్తుంది. డెబ్భై రెండేళ్ళు. బస్సెక్కమ్మా, నీ కొడుకు బస్సే అంటే వినదు, నడిస్తేనే మోకాళ్ళు మాట వింటాయంటుంది. దారి పాల కేంద్రం ముందు నుంచే. మూడు నెలల క్రితం పాల వ్యాను అద్దం ఆవిడ గొడుగుని కొట్టుకుపోయింది. గొడుగు పోయి మనిషి మిగిలింది. ఆ రోజు నుంచి ఆవిడ తిరిగొచ్చేదాకా నా ప్రాణం ప్రాణంలో ఉండదు. ఆ బాట వచ్చి తీరాలని నేను కోరుకోవడానికి అసలు కారణం అది. ఈ ముక్క మాత్రం ఎప్పటికీ కొట్టేయను.

ఇవాళ కొత్తమ్మాయి ఆవిడతో పాటు నడిచిందట, పోను, రాను. ఎక్కడ కాళ్ళు పీకుతాయి, ఎక్కడ కూర్చోవాలనిపిస్తుంది అని అడిగి, అక్కడ ఒక బెంచీ గీసిందట. అత్తయ్య మొహం వెలిగిపోతోంది. "ఆ పిల్ల నా కోసం బెంచీ వేయిస్తోందే" అంది.

నా పన్నెండు షీట్లలో బెంచీ లేదు. లేదంటే లేదు. నాకప్పుడు ముప్ఫై ఏడేళ్ళు, నా మోకాళ్ళు బాగానే ఉండేవి.

జూన్ 15, ఆదివారం

ఇది ఇంట్లో రాస్తున్నాను. ఆగలేకపోయాను.

తెల్లారగానే టేపు, కొత్తమ్మాయి షీట్ల కాపీ తీసుకుని రోడ్డు మీదకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళావని ఎవరైనా అడిగితే నడకకి అని చెప్పేదాన్ని. మా ఆఫీసులో ఏ కొలతైనా రోడ్డు మధ్య గీత నుంచే. ఒక్కదాన్నే కాబట్టి మధ్య గీత మీద టేపు కొస పెట్టి, పైన రాయి పెట్టి, బళ్ళు లేనప్పుడు లాక్కుంటూ చూశాను. మొదటి షీటు సరిగ్గా ఉంది. రెండోది, మూడోది, ఆరో దాకా అన్నీ సరిగ్గా ఉన్నాయి. బెంచీ కూడా నీడ పడే చోట పెట్టింది. ఒళ్ళు మండిపోయింది.

ఏడో షీటు పాల కేంద్రం. అక్కడ రోడ్డు పక్కన లోతైన కాలువ ఉంది, బాట దానికి అవతల పోవాలి. షీటులో బాట నడిమి గీత రోడ్డు మధ్య నుంచి ఎనిమిదిన్నర మీటర్లు. ఎనిమిదిన్నరకి టేపు లాగితే నా కాలి ముందు కాలువ, అందులో నీళ్ళు.

ఏడో షీటంతా అంతే. నాలుగు చోట్ల చూశాను. బాట కాలువలో పోతోంది.

ఎక్కడో అంకె తప్పు వేసింది. కింద ఉన్న సర్వే నాది కాబట్టి దాన్ని చూడక్కర్లేదు. నేల మీద నడుస్తుంది, అందరినీ అడుగుతుంది, బెంచీలు గీస్తుంది, చివరికి బాటని కాలువలో పడేస్తుంది.

ఎంత సంతోషంగా ఉందో రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాశాను. ఇంటికి వస్తుంటే ఏదో పాట నోట్లో ఆడింది. "ఏంటి పొద్దున్నే అంత హుషారు?" అన్నారు ఈయన. నడకకి వెళ్ళొచ్చాను, అందుకే అన్నాను.

జూన్ 16, సోమవారం

కొత్తమ్మాయికి చెప్పాలి. ఇరవై నాలుగో తారీకున ఊరి కమిటీ వచ్చి, గూటాలు పాతిన దారి వెంట జనంతో కలిసి నడిచి చూస్తుంది. నచ్చితే బాట. నచ్చకపోతే ఆ జాగా రోడ్డు వెడల్పుకి పోతుంది. ఆ కాగితాలు సిద్ధంగా ఉన్నాయని పెద్దసారే చెప్పాడు. అప్పుడు లారీలు ఇంకా దగ్గరికి వస్తాయి, అత్తయ్యకి ఆ అంచు కూడా మిగలదు.

రేపు చెబుతాను.

జూన్ 17, మంగళవారం

రేపు.

జూన్ 19, గురువారం

చెప్పడానికే లేచాను. షీటు చేతిలో పట్టుకుని కిటికీ దాకా వెళ్ళాను. అక్కడ పెద్దసారు నిలబడి ఉన్నాడు. "ఇన్నాళ్ళకి మన ఆఫీసులో రోడ్డు మీద నడిచి గీసే మనిషి వచ్చింది" అంటున్నాడు, నన్ను చూస్తూనే. "అంతే కదమ్మా?" అని నన్ను సాక్ష్యం కూడా అడిగాడు.

"అంతే సార్" అన్నాను.

పదకొండేళ్ళ క్రితం నా చెప్పులు ఆ రోడ్డు మీదే తెగిపోయాయి. వచ్చిన మాట వచ్చినట్టే మింగేసి, షీటు మడిచి, నా కుర్చీలోకి వచ్చి కూర్చున్నాను.

జూన్ 23, సోమవారం

గూటాలు పాతుతున్నారు, పసుపు రిబ్బన్లు కట్టి. ఆరో షీటు దాకా అయ్యాయట. ఏడో షీటు నుంచి మిగతావి రేపు పొద్దున పాతుతారు. కమిటీ వచ్చేది తొమ్మిదికి. నేను ఏడున్నరకే వెళ్ళి చెబుతాను. మార్చడానికి గంట చాలు.

జూన్ 24, మంగళవారం

తొమ్మిదింటికి వెళ్ళాను.

నలభై మంది దాకా వచ్చారు. కమిటీ పెద్దావిడ, పాల కేంద్రం మేనేజరు, దుకాణాలవాళ్ళు, సైకిళ్ళవాళ్ళు. కొత్త గొడుగుతో మా అత్తయ్య, పక్కన వాళ్ళ చెల్లెలు. కొత్తమ్మాయి ముందు నడుస్తూ ఒక్కో గూటం దగ్గర ఆగి చెబుతోంది. ఇక్కడ రోడ్డు దాటడానికి చారలు, ఇక్కడ సైకిళ్ళు మెల్లగా పోవడానికి మలుపు. బెంచీ దగ్గర అత్తయ్య తన చెల్లెలికి వేలు పెట్టి చూపించింది. జనం నవ్వుతూ నడుస్తున్నారు. నేను అందరికన్నా వెనక ఉన్నాను. అయిదో షీటు దగ్గర ఆ నడక చూస్తుంటే కాసేపు ఇవన్నీ మర్చిపోయి, అబ్బ, ఎంత బాగుందో అనిపించింది. ఆరో షీటు మధ్యలో గొలుసాయన సైకిలు తొక్కుకుంటూ ఆయాసంగా వచ్చి కొత్తమ్మాయి చేతికి ఏదో ఇచ్చాడు. గొలుసాయన అంటే మా టేపు రెండో కొస పట్టే మనిషి. ఒకప్పుడు గొలుసుతో కొలిచేవాళ్ళు, ఆ పేరు అలాగే ఉండిపోయింది. ఆమె అది తెరిచి చూసి సంచిలో పెట్టుకుంది. ఏదో లిస్టు అనుకున్నాను.

తర్వాత ఏడో షీటు. గూటాలు గట్టు దిగి కాలువలోకి నడిచాయి. ఒకటి సగం నీళ్ళలో ఉంది, దాని రిబ్బను తడిసి వేలాడుతోంది.

ఎవరో అన్నారు, "ఈ బాట బాతులకా?"

అందరూ నవ్వారు. పాల కేంద్రం మేనేజరు గొంతు పెంచాడు. "నేను మొదట్నుంచీ చెప్తున్నా. ఈ జాగా రోడ్డుకి ఇచ్చేస్తే పోయేదానికి, ఈ వేషాలెందుకు?" పెద్దసారు మొహంలో నెత్తురు చుక్క లేదు. అప్పుడు కొత్తమ్మాయి వెనక్కి తిరిగి జనంలో నన్ను వెతికి ఒక్కసారి చూసింది. తర్వాత కమిటీ పెద్దావిడతో చెప్పింది.

"తప్పు నాదండి. గీసేటప్పుడు ఈ ఒక్క షీటు సరిచూసుకోలేదు. ఇప్పటిదాకా మీరు నడిచిన ఆరూ సరిగ్గానే ఉన్నాయి. రెండు వారాలు గడువిస్తే ఇది కూడా సరిచేసి చూపిస్తాను."

పెద్దావిడ కాసేపు కాలువ వంక చూసి, "సరే, ఎనిమిదో తారీకు. ఆ తర్వాత అడక్కండి" అంది.

ఆఫీసుకి రాగానే పెద్దసారు నన్ను పిలిచాడు. "ఇక ఈ పని నువ్వు చూడమ్మా. సర్వే నీదే కదా, ఆ అమ్మాయి గుంతల రిజిస్టరు చూసుకుంటుంది" అన్నాడు. రోడ్ల మీద గుంతలు ఎక్కడెక్కడ పడ్డాయో రాసుకునే పుస్తకం అది.

బాట నాకు దక్కింది.

జూన్ 25, బుధవారం

దక్కింది.

జూన్ 26, గురువారం

ఏడో షీటు ముందేసుకుని ఆమె ఎక్కడ తప్పు చేసిందో వెతుకుతున్నాను. పొద్దుటి నుంచి దొరకలేదు. ఆమె అంకెలన్నీ నా సర్వేకి సరిపోతున్నాయి. కాలువ రోడ్డు మధ్య నుంచి అయిదు మీటర్లని నా షీటు చెబుతోంది, బాటని ఎనిమిదిన్నరలో పెట్టింది, అవతలే కదా. మరి నేల మీద కాలువలోకి ఎలా పోయింది?

గొలుసాయన టీ గ్లాసుతో వచ్చి నిలబడ్డాడు. టీ తాగడం అయ్యాక అన్నాడు, "మేడం, ఆ రోజు గుర్తుందా మీకు?"

"ఏ రోజు?"

"పాల కేంద్రం దగ్గర కొలిచిన రోజు. లారీలు ఆగట్లేదు. రోడ్డు మధ్యలో టేపు పట్టుకుని నేను నిలబడితే, చస్తావయ్యా అని మీరే నా చొక్కా పట్టి ఇవతలకి లాగారు. తారు అంచు నుంచి కొలిచేద్దాం, సగం రోడ్డు మూడున్నర తర్వాత కలుపుకుందాం అన్నారు."

షీటులో ఆ అయిదు అంకె మీద వేలు పెట్టాను.

"మొన్న పొద్దున గూటాలు కాలువలోకి పోయేసరికి, పాత ఫీల్డు పుస్తకం పట్టుకురమ్మని ఆ అమ్మాయి నన్ను పంపింది. స్టోరంతా వెతికి తెచ్చేసరికి జనం ఆరో షీటులో ఉన్నారు" అన్నాడు. గ్లాసు తీసుకుని వెళ్ళిపోయాడు.

పుస్తకం మళ్ళీ స్టోరులో దాని చోటున ఉంది, వెళ్ళి తెరిచాను. పేజీ పైన నా చేతిరాత. "తారు అంచు నుంచి. సగం రోడ్డు 3.5 కలపాలి." కింద రెండు గీతలు. కాలువ అయిదు, మూడున్నర కలిపితే ఎనిమిదిన్నర. నేను కలపలేదు. ఎందుకు కలపలేదో గుర్తు లేదు. జ్వరం వచ్చిందనో, పెద్దసారు తొందరపెట్టాడనో ఒక కారణం దొరికితే బాగుండు. చాలాసేపు ఆలోచించాను, దొరకలేదు.

ఆమె ఇది చదివాకే వెనక్కి తిరిగి నన్ను చూసింది. చదివాకే తప్పు నాది అంది.

జూన్ 27, శుక్రవారం

నేను చెప్పమన్నానా?

జూన్ 28, శనివారం

షీటు సరిచేయడం పది నిమిషాల పని. మూడున్నర కలపడమే. సరిచేసేశాను. ఎవరికీ ఏమీ తెలియాల్సిన అవసరం లేదు. బాట వస్తుంది, అత్తయ్య నడుస్తుంది, ఆ అమ్మాయికి చిన్న వయసు, ముందు ముందు బోలెడు పనులు వస్తాయి. అందరికీ మంచిదే.

ఇంట్లో మాత్రం ఉండనివ్వడం లేదు. "అంతమంది ముందు తప్పు తనదని ఒప్పుకుంది చూడు, ఈ రోజుల్లో ఎవరే ఒప్పుకునేది" అని అత్తయ్య ఇప్పటికి నాలుగోసారి.

ఈయన అందుకున్నారు. "నిన్న బస్సెక్కింది. నలుగురు లేచి సీటిచ్చారు."

"తప్పు చేసినవాళ్ళకి సీటా?" అన్నాను.

"ఒప్పుకున్నవాళ్ళకి" అన్నారు.

ఆ తప్పు నాది. ఆ సీటు కూడా లెక్కప్రకారం నాదే. నా సామాను పట్టుకెళ్ళి తన కొట్టు తెరుచుకున్నట్టుంది, ఊరంతా అక్కడే బేరం. కిటికీ తీసుకుంది, ఫైలు తీసుకుంది, నా మొగుణ్ణి అన్నయ్యని చేసుకుంది, అత్తయ్యకి బెంచీ వేసింది. చివరికి నేను చేసిన తప్పుని కూడా నాకు మిగల్చలేదు.

జూన్ 30, సోమవారం

పెద్దసారుకి కాగితం రాసి ఇచ్చాను. న్యాయం కోసం ఇచ్చానని ఎప్పుడైనా ఈ పుస్తకం తిరగేసి అనుకుంటానేమో, అందుకని ఇక్కడే రాసిపెడుతున్నాను. న్యాయం కోసం కాదు. నాది నాకు కావాలి, అంతే.

"ఏడో షీటులో కొలత తప్పు సర్వే చేసిన నాది. గీసినవారిది కాదు." ఇంతవరకు బాగానే రాశాను. దాని కింద ఇంకో లైను రాశాను. చదివి చూసుకుని కొట్టేశాను. అలవాటు ప్రకారం ఒక్క గీతే కొట్టాను. కొత్త కాగితం తీసుకుని మళ్ళీ రాయొచ్చు. సొరుగు నిండా కాగితాలున్నాయి. తీయలేదు.

పెద్దసారు చదివాడు. "ఇప్పుడెందుకమ్మా ఇది? అయిపోయిందిగా."

"అవలేదు సార్."

"పదకొండేళ్ళ నాటి సంగతి. ఎవరూ అడగట్లేదు."

"తెలుసు సార్."

ఆయన కళ్ళద్దాలు పైకి జరిపి కాగితాన్ని దగ్గరికి తీసుకున్నాడు. "ఈ కొట్టేసింది ఏమిటి?"

"చదవండి."

ఆయన పైకే చదివాడు. "బాట కాలువలో పోతోందని పదిహేనో తారీకునే నాకు తెలుసు. చెప్పలేదు." చదివి నా వైపు చూడలేదు. "కొట్టేశావుగా" అన్నాడు, నాకొక దారి ఇస్తున్నట్టు.

"కొట్టేస్తే పోదు సార్, మన పద్ధతిలో."

ఆయన కాగితం ఫైలులో పెట్టి, పని తిరిగి ఆ అమ్మాయిదే అన్నాడు. తిరిగి కొలవడంలో నేను ఆమెకి సాయం. ఆమె కింద.

జూలై 1, మంగళవారం

కొత్తమ్మాయి కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. కాగితం చదివిందని మొహం చూస్తేనే తెలిసింది. నాలుగు మాటలు అంటుందని, పడదామని సిద్ధంగా ఉన్నాను.

"ఆ ఆదివారం ఒక్కరే టేపు ఎలా పట్టారు మేడం?" అంది.

"రాయి పెట్టి."

"లారీ వస్తే?"

"రాలేదు."

తల ఊపింది. "చెప్పి ఉంటే బాగుండేది" అంది. మెల్లగానే అంది.

"ఊఁ" అన్నాను. తర్వాత నేనడిగాను, "పుస్తకం చూశాక కూడా నా పేరు ఎందుకు చెప్పలేదు?"

"సర్వే తప్పంటే పన్నెండు షీట్లూ అనుమానమే కదా మేడం. అక్కడికక్కడే రోడ్డుకి ఇచ్చేసేవాళ్ళు. గీత తప్పంటే ఒక్క షీటే. అందుకని."

నా మీద జాలితో కాదు, మంచితనమూ కాదు. నలభై మంది నవ్వుతుంటే అంత లెక్క వేసింది. ఇన్నాళ్ళూ పెద్దమనసు అనుకుని కుళ్ళుకున్నాను. పెద్దమనసే అయితే ఎలాగో సర్దుకునేదాన్ని. తెలివి అని తెలిశాక కుళ్ళు ఇంకా ఎక్కువైంది.

"ఇప్పుడు మీరు చెప్పేశారు కాబట్టి పన్నెండూ మళ్ళీ కొలవాలి. వారం ఉంది" అంది లేస్తూ.

జూలై 6, ఆదివారం

ఏడో షీటుని చివరికి ఉంచి, బళ్ళు తక్కువని ఇవాళ కొలిచాం. మిగతా పదకొండూ సరిగ్గా ఉన్నాయి, ఒక్క బెత్తెడు తేడా లేదు. ఆ మాట ఆమె పెద్దసారుకి ఫోనులో చెబుతుంటే పక్కనే నిలబడి విన్నాను. ఇంకాస్త గట్టిగా చెబితే బాగుండేది.

రోడ్డు మధ్యలో ఎవరు నిలబడాలన్న దగ్గర పేచీ వచ్చింది. గొలుసాయనకి వయసైపోయింది. "నేను నిలబడతాను మేడం" అని ఆమె టేపు అందుకోబోయింది. నేను ఇవ్వలేదు.

"ఆ రోజు నిలబడాల్సింది నేను. ఇవాళ నిలబడతాను. నువ్వు రాసుకో" అన్నాను.

ఎర్ర చొక్కా తొడుక్కుని మధ్య గీత మీద నిలబడ్డాను. అటు లారీ, ఇటు వ్యాను, గాలి వచ్చి తోస్తుంటే కాళ్ళు ఆనడం లేదు. అత్తయ్య వారానికి రెండుసార్లు ఇలాగే నడుస్తోంది కదా అనుకున్నాను. గొలుసాయన జెండా ఊపుతున్నాడు. ఈయన బస్సు వచ్చింది. ఆపి, తల బయటికి పెట్టి, నన్ను చూసి హారను కొట్టలేదు. నేను కొలత పూర్తి చేసి చెయ్యి ఊపేదాకా, వెనక నాలుగు బళ్ళు గోల పెడుతున్నా, రోడ్డుకి అడ్డంగా బస్సుని అలాగే ఉంచారు.

"వదినా, ఎంత?" అని అరిచింది కాలువ గట్టు మీద నుంచి.

వినబడనట్టు ఊరుకున్నాను.

"వదినా! కొలత ఎంత?"

"ఎనిమిదిన్నర" అన్నాను.

కొత్త ఫీల్డు పుస్తకంలో రాసింది. రోడ్డు మధ్య నుంచి, కాలువకి, ఎనిమిది మీటర్ల యాభై. కొలిచినవారు అన్న చోట నా పేరు వేసింది. పుస్తకం అడిగి తీసుకుని చూశాను. తన చేతిరాత నాకంటే బాగుంది.

జూలై 8, మంగళవారం

కమిటీ ఒప్పుకుంది. పన్నెండు షీట్లూ నడిచారు. పాల కేంద్రం మేనేజరు కాలువ అవతల గూటాన్ని కాలితో కదిపి చూశాడు, కదల్లేదు. బాట వస్తుంది.

తిరిగి వచ్చేటప్పుడు అత్తయ్య బెంచీ గూటం దగ్గర ఆగి, "మా పిల్ల ఎంత పని చేసింది" అని కమిటీ పెద్దావిడతో చెప్పింది, కొత్తమ్మాయి భుజం మీద చెయ్యి వేసి. నేను పక్కనే ఉన్నాను. కొలత నాది అని నేను అనలేదు.

(పై వాక్యం కొట్టివేత.)

అన్నాను. రెండుసార్లు.